కావలి అక్కకి: బుగ్గల ఎరుపు, హార్మోన్ల సంగతి

అక్కా, నెలసరి అటూ ఇటూ అయినప్పటి నుంచి బుగ్గలు ఎర్రబడి మంట, సన్నటి రక్తనాళాలు కనపడుతున్నాయి, మెడికల్ షాపు క్రీము మానితే రెట్టింపవుతోంది అన్నారు కదా. ముందు ఆ ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసోల్ పేర్లున్నాయేమో చూడండి. ఉంటే నా అనుమానం దానిమీదే. ఈ స్టెరాయిడ్లు రాసేకొద్దీ చర్మం పలచబడి నాళాలు తేలతాయి. ఎలా ఆపాలో చర్మ డాక్టర్నే అడగండి.

హార్మోన్ల మాటా నిజమే. రక్తనాళాల గోడల్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్లుంటాయి. అవి పనిచేస్తే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి కొత్త నాళాలు మొలవొచ్చు. అలాగని రోజేషియా, అంటే ఇలా బుగ్గలు ఎర్రబడి నాళాలు తేలే చర్మ జబ్బు కోసం హార్మోన్ టెస్టులకి డబ్బు తగలేయొద్దు. మెట్రోనిడజోల్ జెల్ పొక్కులకే, నాళాలకి లేజర్ లాంటివే దారి. మన ఎండకి ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పదు. చేపల పులుసు తినొచ్చా అంటారా, వేడికి బుగ్గలు ఎర్రబడతాయి కాబట్టి పొగలు పోయాక తిని చూడండి.