మేకపాలతో బేకింగ్ మొదలుపెట్టిన అమ్మాయికి

అమ్మలూ,

మేకపాలతో చేసిన కేకు నీచు వాసన వచ్చిందనీ, ఆ పాలు బేకింగ్‌కి పనికిరావేమోననీ రాశావు. తప్పకుండా పనికొస్తాయి. వాసన తెలియకుండా వెనిల్లా ఎసెన్స్ ఇంకో చెంచా పోశానన్నావు చూడు, అది మాత్రం మానెయ్. ఆ వాసన ఓవెన్‌లో పుట్టింది కాదు, పాలు పితికిన చోటే మొదలైంది. అక్కడే ఆపాలి.

మేకపాల కొవ్వులో కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అనే ఆమ్లాలు ఆవుపాలలో కన్నా ఎక్కువ. అవి కొవ్వులో కట్టుబడి ఉన్నంతసేపూ పాలు కమ్మగానే ఉంటాయి. పితికిన పాలు వెచ్చగానే ఉండిపోయినా, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోస్తూ బాగా కుదిపినా, పాలలో ఉండే లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొట్టి వాటిని బయటికి వదిలేస్తుంది. నీకు వచ్చిన వాసన అదే. అందుకని పితికిన వెంటనే వడగట్టి, గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి చల్లార్చమని పాలు పోసేవాళ్లకు చెప్పు. మేకపోతును పాలిచ్చే మేకల మధ్యే కట్టేస్తున్నారేమో కూడా అడుగు, దానివల్లా పాలకు వాసన పడుతుంది. మొహమాటపడకు, మంచి పాలు పోసేవాళ్లు ఈ మాటలకు ఏమీ అనుకోరు.

పచ్చిపాలు రుచి కోసమైనా నోట్లో పెట్టుకోకు. బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు వాటితో వస్తాయి. ఇంటికి రాగానే కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒక చెంచాడు నోట్లో వేసుకుని చూడు. చల్లటి పాలలో తెలియని వాసన అప్పుడు బయటపడుతుంది. ఆ చెంచాడు నీకు హాయిగా దిగకపోతే ఆ పాలు కేకులో పోయకు. మిగతావి వెంటనే చల్లార్చి, 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచు.

కాచడం బ్రెడ్డుకూ మంచిదే. కాచని పాలలోని కొన్ని ప్రోటీన్లు పిండి సాగే గుణాన్ని తగ్గిస్తాయి. 82 డిగ్రీల దాకా వేడెక్కితే వాటి బలం పోతుంది, బ్రెడ్డు బాగా పొంగుతుంది. ఈస్ట్ మాత్రం పాలు గోరువెచ్చబడ్డాకే వెయ్యి, వేడిలో చచ్చిపోతుంది.

వెన్న దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. మేకపాలలో కొవ్వు కణాలు చిన్నవి, మీగడ త్వరగా పైకి తేలదు, మెషిన్ లేకుండా వెన్న తీయడం కష్టం. దొరికిన చోట కొనుక్కో. అది ఆవు వెన్న కంటే త్వరగా మెత్తబడుతుంది. చక్కెరతో గిలక్కొట్టేటప్పుడు 18 డిగ్రీలకు మించకుండా చూసుకో. గిన్నె అంచుల్లో నూనెలా మెరుస్తోందంటే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, బిగిశాక మళ్లీ గిలక్కొట్టు. జారిన వెన్నలో గాలి నిలవదు, కేకు అడుగు పిండిముద్దలా మిగిలిపోతుంది. ఇంకో సంగతి, మేక వెన్నలో పసుపు రంగునిచ్చే కెరోటిన్ ఉండదు కాబట్టి తెల్లగా ఉంటుంది, కేకు లోపలా రంగు తక్కువే. ఉడకలేదేమోనని టెన్షన్ పడి ఇంకో పది నిమిషాలు ఉంచితే పొడిపొడి అయిపోతుంది. పుల్ల గుచ్చి చూసి దించెయ్.

మేకపెరుగు పల్చగా తోడుకుంటుంది. చిక్కటి పెరుగు కావాల్సిన చోట గుడ్డలో వేలాడదీసి వాడు. కారిన నీళ్లు పారబోయకు, బ్రెడ్డు పిండిలో పోసే నీళ్లకు సగం అవే పొయ్యి. రుచి ఎంత బాగుంటుందో!

చుట్టుపక్కల పండినవే వాడాలన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది. కానీ అవి ఫ్యాక్టరీ సరుకులా ప్రతిసారీ ఒకేలా రావు, కొలకప్పు నమ్ముకోకు. చిన్న కాటా కొనుక్కుని తూచుకో. మర పట్టించిన గోధుమపిండిలో పొట్టు ఉంటుంది, నీళ్లు మెల్లగా పీలుస్తుంది. కలిపిన వెంటనే జిగటగా ఉందని పిండి చల్లకు, మూతపెట్టి అరగంట వదిలెయ్. తర్వాత చేత్తో లాగి చూస్తే అదే సాగుతుంది. ఆ పిండి త్వరగా ముక్క వాసన వస్తుంది కాబట్టి కొంచెం కొంచెమే పట్టించు. గుడ్లు చిన్నవీ పెద్దవీ కలిసి వస్తాయి, కొట్టి తూచుకో. యూరప్ వంటకాల్లో మధ్యరకం గుడ్డు అని ఉంటే పెంకు తీశాక సుమారు 50 గ్రాములు.

చక్కెర బదులు తేనె అన్నావు. 100 గ్రాముల చక్కెరకు 75 గ్రాముల తేనె చాలు. పాలు కొద్దిగా తగ్గించు, ఓవెన్ వేడి ఒక 15 డిగ్రీలు తగ్గించు, తేనె త్వరగా నల్లబడుతుంది.

నువ్వు చేసినవి అందరికీ పంచుతావు కాబట్టి ఇదొక్కటి గట్టిగా చెబుతున్నా. ఆవుపాల అలర్జీ ఉన్నవాళ్లలో చాలామందికి మేకపాలూ పడవు, ప్రోటీన్లు దగ్గరి పోలికవే. లాక్టోజ్ అనే పాల చక్కెర కూడా ఇందులో ఉంటుంది, అది అరగనివాళ్లకూ ఇబ్బందే. మేకపాలే కదా, ఏం కాదులే అని ఎవరి పిల్లలకూ పెట్టకు. ముందు వాళ్ల అమ్మను అడుగు.

దీవెనలతో,
పెద్దమ్మ