వెండితెర ప్రశ్నలు: ‘తీస్రీ మంజిల్’ డాబా మీద వేస్తే

ప్రశ్న: సెలవుల్ల మా కాలనీ డాబా మీద ప్రొజెక్టరుతోని ఒక పాత హిందీ సినిమా వేద్దామనుకుంటున్నం. హత్య, ప్రేమ, పాటలు అన్నీ ఉండాలె. పెద్దోళ్లు, పిల్లలు అందరు కూసుంటరు. ఏది వెయ్యాలె?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ‘తీస్రీ మంజిల్’ (1966) వేయండి. విజయ్ ఆనంద్ దర్శకత్వం, ఆర్.డి. బర్మన్ సంగీతం. ముస్సోరీ హోటల్ మూడో అంతస్తు నుంచి రూప అనే అమ్మాయి పడి చనిపోతుంది. దానికి కారణం ఆ హోటల్లో డ్రమ్స్ వాయించే రాకీయేనని నమ్మిన చెల్లెలు సునీత (ఆశా పారేఖ్) అతన్ని పట్టుకోవడానికి ఢిల్లీ నుంచి వస్తుంది. రాకీ (షమ్మీ కపూర్) ఆ సంగతి తెలిసి, తన అసలు పేరు అనిల్‌తోనే ఆమెకు దగ్గరవుతాడు. ఇటు హోటల్ డ్యాన్సర్ రూబీకి (హెలెన్) రాకీ అంటే ప్రాణం.

రూప పడిపోవడం పేర్లు పడకముందే వస్తుంది. అందుకని అందరూ వచ్చి కూర్చున్నాకే మొదలుపెట్టండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు కథ అందదు. రాత్రి సన్నివేశాలు చాలా ఉన్నాయి. మే నెలలో మన దగ్గర ఏడున్నర దాటితే గాని తెర మీద నలుపు నలుపుగా కనబడదు. నిడివి దాదాపు మూడు గంటలు, పదిన్నర అవుతుందని ముందే చెప్పి పెట్టండి. పాటలు ఆరే, ఒక్కటి కూడా దాటించకండి. ‘ఓ హసీనా జుల్ఫోంవాలీ’లో రూబీకి రాకీ మీదున్న హక్కు తెలుస్తుంది, ‘ఓ మేరే సోనా రే’లో సునీత మనసు. ఆ రెండూ తీసేస్తే ముక్కోణం మిగలదు. చిన్నపిల్లలు జడుసుకునేంత రక్తపాతం లేదు.

ప్రశ్న: హంతకుడు ఎవరో మా దోస్తు ముందే చెప్పేసిండు. ఇంక చూస్తే మజా ఉంటదా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: తప్పకుండా ఉంటుంది. ఈ సినిమాలో రహస్యాలు రెండు. హంతకుడెవరన్నది చివరిదాకా దాచారు. అనిలే రాకీ అన్నది మనకు మొదట్నుంచీ తెలుసు, సునీతకే తెలియదు. ఆమె ఎప్పుడు కనిపెడుతుందో అన్న దడ మీరు పేరు విన్నా పోదు. పైగా ఈసారి హంతకుణ్ణి మొదట్నుంచే గమనించవచ్చు: గదిలో ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి మాట మధ్యలో కలగజేసుకున్నాడు, ఎవరి మీదికి అనుమానం మళ్లించాడు. రూబీ అసూయను కూడా దర్శకుడు ఊరికే పెట్టలేదు, అనుమానం అటు పోవాలనే పెట్టాడు. ప్రేమకథ, నేరం కథ వేర్వేరుగా నడవవు. నా దృష్టిలో ఈ సినిమా బలమంతా అక్కడే ఉంది.

లోపమూ ఉంది. హోటల్లో ఎవర్నడిగినా రాకీని చూపిస్తారు, సునీత మాత్రం అడగదు. నడుమ హాస్యం సాగినప్పుడు ఆ ప్రశ్న తప్పకుండా మెదులుతుంది. షమ్మీ హుషారే అక్కడ కాపాడుతుంది.

ప్రశ్న: పాటలు లేకుండ, ఉత్త సస్పెన్సే ఉన్నది చెప్పండి.
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ‘ఇత్తెఫాక్’ (1969). యశ్ చోప్రా దర్శకుడు; రాజేశ్ ఖన్నా, నందా నటించారు. కథ చాలావరకు ఒక్క రాత్రిలో, ఒక్క ఇంట్లో నడుస్తుంది. కోర్టు వాదనలు ఇష్టమైతే బి.ఆర్. చోప్రా తీసిన ‘కానూన్’ (1960) చూడండి, అందులోనూ పాటల్లేవు.