గుంట గట్టు నుంచి ఐదు బైట్లు

అమ్మాయ్,

మూడు రోజులుగా నువ్వు సరిగా అన్నం కూడా తినడం లేదని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అల్లూరు రొయ్యల గుంటల్లో పెట్టిన పరికరానికి ప్రోగ్రామ్ సీ భాషలో రాశావు, ఇంట్లో చదివే ప్రోగ్రామ్ పైథాన్ భాషలో రాశావు, మధ్యలో అంకెలు తారుమారవుతున్నాయి. అంతేగా? టెన్షన్ పడకు, ఆ గుంటలో నేనూ పడి లేచినవాణ్ణే.

చీమకుర్తిలో లారీల కాటా దగ్గర బిల్లుల ప్రోగ్రామ్ నేనే రాశాను. తూకం పట్టేది సీ, బిల్లు వేసేది జావా. మొదటి రోజే 20,000 కిలోల లారీ ఎక్కితే తెర మీద 54,19,82,720 కిలోలు పడింది. గుమాస్తా నవ్వాడు, డ్రైవర్ నవ్వలేదు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, కొందరు వెనక రాస్తారు. ఎవరు ఎలా రాశారో తెలియకపోతే ఇంటిపేరు పెట్టి పిలుస్తాం. బైట్లూ అంతే. ఒక బైటులో 0 నుంచి 255 దాకానే పడుతుంది, అంతకంటే పెద్ద అంకెని ముక్కలు చేసి వరసగా పెట్టాలి. ఇంటెల్ చిప్ తక్కువ విలువ ముక్కని, అంటే చిన్న బైటుని, ముందు పెడుతుంది, బైట్లు చదివే జావా డేటాఇన్‌పుట్‌స్ట్రీమ్ పెద్దది ముందొస్తుందనుకుని చదువుతుంది.

నీ దగ్గర ఇంకో తిరకాసు కూడా ఉంది. గుంట నంబరుకి ఒక బైటు, ఆక్సిజన్‌కి, వేడికి చెరో ఫ్లోటు (నాలుగు బైట్ల దశాంశ సంఖ్య), మొత్తం తొమ్మిది బైట్లే కదా అనుకుంటున్నావు. ఈఎస్‌పీ32 చిప్‌లో ఆ స్ట్రక్ట్, అంటే ఆ మూడూ కట్టిన మూట, 12 బైట్లు, నంబరు తర్వాత కంపైలర్ మూడు ఖాళీ బైట్లు దూరుస్తుంది. అదే కోడ్ ఆర్డువినో ఊనో బోర్డులో తొమ్మిదే. అందుకే స్ట్రక్ట్‌ని ఉన్నదున్నట్టు ఎప్పుడూ పంపకు.

ముందు కాగితం తీసుకుని గళ్ళు గియ్యి. ఆక్సిజన్ 5.42 అయితే వందతో హెచ్చవేసి 542 చెయ్యి, రెండు బైట్లలో పడుతుంది: 30, 2 (రెండు 256లు, పైన 30). వేడి 29.50 అయితే 2950, అంటే 134, 11. ఏడో గుంటైతే మొత్తం 7, 30, 2, 134, 11. సీలో ఒక్కో బైటునీ షిఫ్ట్ చేసి (బిట్లు పక్కకి జరిపి) నువ్వే పెట్టు. పైథాన్ స్ట్రక్ట్ ఫార్మాట్‌లో మొదటి అక్షరంగా చిన్న బైటు ముందని చెప్పే లెస్‌దేన్ గుర్తు (<) పెట్టు, అది లేకపోతే పైథాన్ కూడా ఖాళీలు దూరుస్తుంది. రేపు ఫోన్ యాప్ జావాలో రాస్తే ఆ 134 కాస్తా మైనస్ 122 అని కనిపిస్తుంది. జావాలో బైటుకి మైనస్ ఉంటుంది మరి, 255తో యాండ్ చేస్తే సరిపోతుంది.

రోజుకి నాలుగుసార్లు పంపేదైతే మామూలు టెక్స్ట్ పంపేయమనేవాణ్ణి, ఈ గొడవే ఉండదు. నీది బ్యాటరీ మీద నడిచే రేడియో కాబట్టి బైటు బైటుకీ లెక్క చూసుకోవాలి.

ఇంకొకటి. నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. ఆ కాటా వారం రోజులు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత 18,698 కిలోల లారీ ఒకటి వచ్చింది, అంతే, దాని వెనకొచ్చిన ప్రతి లారీ తూకమూ తప్పే. రాత్రంతా కూర్చుని బైట్లు చూస్తే తెలిసింది. 18,698లో చిన్న బైటు 10. విండోస్‌లో సీ అవుట్‌పుట్ టెక్స్ట్ మోడ్‌లో ఉంటే ఆ 10ని కొత్త లైను అనుకుని ముందు ఒక 13 చేరుస్తుంది. నాలుగు బైట్లు ఐదయ్యాయి, అక్కణ్ణుంచి అంతా ఒక బైటు పక్కకి జరిగింది. బైనరీ మోడ్‌కి మార్చే ఒక్క లైనుతో పోయింది. నువ్వు కూడా ఫైలు తెరిచేటప్పుడు బైనరీ అని చెప్పు.

రేడియోలో బైట్లు పోతాయి కూడా. ప్రతి రికార్డు ముందు ఒక గుర్తు బైటు, చివర బైట్లన్నిటినీ కూడిన లెక్క సరిచూసే బైటు పెట్టు. సీరియల్ పోర్టు ఒకసారి మూడు, ఇంకోసారి రెండు ఇస్తుంది, అన్నీ వచ్చేదాకా పోగుచేశాకే విప్పు.

ఇవన్నీ చేశాక కూడా ఆక్సిజన్ 76.82 చూపిస్తే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపించకు. గుంటలో అంత ఆక్సిజన్ ఎక్కడిది? 30, 2 తిరగబడ్డాయి, పైథాన్‌లో పెద్ద బైటు ముందని చెప్పే గ్రేటర్‌దేన్ గుర్తు (>) పెట్టి ఉంటావు.

మీ మామయ్య