రీల్ డ్రాగ్ బిగుసుకుపోతే పడేయాలా?

ప్రశ్న: వైజాగ్‌లో సముద్రం ఒడ్డున రాళ్ల మీంచి గేలం వేస్తుంటాను సార్. గేలం దారం చుట్టుకునే స్పిన్నింగ్ రీల్ వానాకాలమంతా కడక్కుండా మూలన పెట్టేశా, ఇప్పుడు డ్రాగ్ నాబ్ (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసే మర) అస్సలు తిరగట్లేదు, చుట్టూ తెల్లపొడి కట్టింది. ఇక పడేయాల్సిందేనా?

జవాబు: అయ్యో, పడేయకండి. ఆ తెల్లపొడి ఉప్పూ అల్యూమినియం తుప్పూనే, స్టీల్‌ని ఆనుకుని ఉన్న అల్యూమినియంకి ఉప్పునీళ్లు తగిలితే ముందు అల్యూమినియమే తుప్పుపట్టిపోతుంది. పట్కారు మాత్రం పెట్టొద్దు, నాబ్ పగిలితే ఇంకా తలనొప్పి. వేడినీళ్లలో ముంచిన గుడ్డ నాబ్ చుట్టూ చుట్టి, ఉప్పు నానాక తుడిచి, తుప్పు వదిలించే ఆయిల్ నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున రబ్బరు గ్లౌజ్‌తో అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిపితే చాలాసార్లు వదులుతుంది.

ఊడాక స్పూల్‌లోని (దారం చుట్టే చక్రంలోని) క్లిప్ తీసి వాషర్లు వరసగా పేర్చి ఫొటో తీసుకోండి, ఈ వరస తప్పితే డ్రాగ్ సరిగ్గా పనిచెయ్యదు. స్టీల్ వాషర్లు కాసేపు వెనిగర్‌లో ఉంచి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, గుంటలు పడ్డవి మార్చేయడమే. కార్బన్ వాషర్లకి ఆ ఆయిల్ అంటితే స్పిరిట్‌తో పూర్తిగా తుడిచి, డ్రాగ్ గ్రీజు పల్చగా రాయండి. ఫెల్ట్ (మందపాటి ఉన్నిగుడ్డ లాంటిది) వాషర్లు తుప్పు పీల్చేసుంటే కొత్తవి వేయండి.

ఇకనుంచి వేట అవ్వగానే డ్రాగ్ బిగించి, పైపైన మంచినీళ్లతో కడిగి తుడిచి, దాచేటప్పుడు వదులు చేసి పెట్టండి.