ఆలిస్ స్ప్రింగ్స్‌లో నర్సుగా చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్‌కు వెళుతున్నావని మీ నాన్న చెప్పగానే, జీవితమంతా చెవుల వైద్యంలో గడిపినదానిగా నీకు కొన్ని సంగతులు ముందే రాయాలనిపించింది.

అక్కడ నీ దగ్గరికి వచ్చే అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) పెద్దలలో చాలామందికి వినికిడి లోపం వయసు మీరడం వల్ల వచ్చినది కాదు. మాటలు రాని పసితనంలోనే మధ్యచెవికి చీము పట్టి, కర్ణభేరికి చిల్లు పడి, అది మానకుండా ఏళ్ల తరబడి కారడం వల్ల వచ్చినది. ఇరుకు ఇళ్లలో ఎక్కువమంది ఉండడం, పొగ, నీటి వసతి చాలకపోవడం దీనికి కారణాలు కనుక, వాళ్ల అశ్రద్ధే కారణమని ఎవరన్నా నమ్మకు. చీము కారే చెవులున్న పిల్లలు 4 శాతం దాటితే దాన్ని తక్షణం పట్టించుకోవలసిన ప్రజారోగ్య సమస్యగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. అక్కడి మారుమూల ఊళ్లలో అనేకం ఆ హద్దును ఏనాడో దాటాయి.

ఆలిస్ స్ప్రింగ్స్ ఉన్న నార్తర్న్ టెరిటరీ ప్రాంతపు జైళ్లలో ఆదివాసీ ఖైదీలను పరీక్షించినప్పుడు 90 శాతానికి పైగా మందిలో వినికిడి లోపం బయటపడింది. ప్రశ్నకు బదులు చెప్పని మనిషిని పొగరుబోతనో, మందబుద్ధి అనో అనుకునే ముందు ఈ ఒక్క సంగతీ గుర్తు తెచ్చుకో. వినపడకపోయినా, మాట పెంచడం ఇష్టంలేక 'ఊ' అనేవాళ్లు చాలామంది ఉంటారు. అందుకని "అర్థమైందా?" అని అడగకు. "ఈ మాత్ర రేపు ఎప్పుడు వేసుకుంటారు?" అని అడిగి, జవాబు వాళ్ల నోటితోనే చెప్పించు.

ఫ్యాను, టీవీ ఆపేసి, వెలుతురు నీ ముఖం మీద పడేటట్టు కూర్చుని, నెమ్మదిగా స్పష్టంగా మాట్లాడు. పదిమందిలో గట్టిగా అరిస్తే వాళ్లు తలవంపుగా భావించి మళ్లీ రారు. కళ్లలోకి చూడలేదని తప్పు పట్టకు. అరండ, వార్ల్‌పిరి వంటి భాషలు మాతృభాషగా ఉన్నవాళ్లకు ఇంగ్లీషు రెండోదో మూడోదో అవుతుంది కనుక దుబాసీని పిలిపించడం నీ బాధ్యత. వార్ల్‌పిరి వాళ్లకు తరతరాలుగా చేతిసైగల భాష ఉంది. ఇంట్లోవాళ్లు సైగలతో చెబుతుంటే అడ్డు రాకు.

కారుతున్న చెవిలో చుక్కల మందు నేరుగా వేస్తే చీము మీదే తేలిపోతుంది. టిష్యూ కాగితాన్ని సన్నని వత్తిలా పేని చెవి ద్వారంలో ఉంచు. తడిసినప్పుడల్లా మార్చుతూ, వత్తి పొడిగా వచ్చాకే డాక్టరు రాసిన మందు వేసి, చెవి ముందరి మెత్తని ఎముకను నాలుగైదు సార్లు నొక్కు. దుర్వాసనతో చాలాకాలంగా కారుతున్న చెవిని శస్త్రవైద్యుడు చూడాలి. తల తిరగడం, మూతి వంకర పోవడం, చెవి వెనక వాపు ఉంటే ఆరోజే పంపించు. చెవిని మూసేసే వినికిడి యంత్రం కారే చెవికి పనికిరాదు, ఎముక ద్వారా శబ్దాన్ని చేరవేసే యంత్రం గురించి అడుగు.

ప్రభుత్వ వినికిడి పథకం ఆదివాసీలలో 26 ఏళ్లలోపు వారికీ, 50 ఏళ్లు నిండినవారికీ వర్తిస్తుంది. పనిచేసి పిల్లలను పోషించుకునే నడి వయసువారే మధ్యలో జారిపోతున్నారు. వాళ్లకు పింఛను రాయితీ కార్డు వంటి వేరే అర్హత ఉందేమో మొదటిరోజే కనుక్కుని, దరఖాస్తు పత్రం చేతికిచ్చి పంపెయ్యకుండా, పక్కన కూర్చుని ఒక్కొక్క గడీ చదివి వినిపించి పూర్తి చేయించు.