పురుగుమందులు, పశువుల కాలేయం: ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మాది పల్నాడు. మిరప వేస్తాం. రెండేళ్ల కిందట మందు కొట్టిన చేను గట్టున గడ్డి మేసి మా గేదె చొంగ కారుస్తూ, వణుకుతూ పడిపోయింది. పశువుల డాక్టర్ గారు ఇంజెక్షన్లు వేసి బతికించారు. అప్పటినుంచి మా అమ్మాయి పురుగుమందు పశువుల కాలేయాన్ని ఏం చేస్తుందో చదువుతానంటోంది. ఇప్పుడు బీజెడ్‌సీ ఫైనలియర్. ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉంటుందండీ. విషాలు ఒంటిని ఏం చేస్తాయో చూసే ఈ చదువును టాక్సికాలజీ అంటారు. మీ అమ్మాయి పట్టుకున్న ప్రశ్న దానికి గుండెకాయ లాంటిది.

క్లోరిపైరిఫాస్ సంగతే చూడండి. ఒంట్లోకి వెళ్లిన ఈ మందు ఉన్నదున్నట్టుగా అంత ప్రమాదకారి కాదు. కాలేయంలోని పి450 ఎంజైములు దానిలోని గంధకాన్ని తీసి ఆక్సిజన్‌ను పెడతాయి. అలా తయారైన 'ఆక్సాన్' నరాలకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వదు. చొంగ, వణుకు అందుకే. ఇలాంటి కేసుల్లో ముందుగా ఇచ్చే ఇంజెక్షన్ అట్రోపిన్. మళ్లీ ఆ ఆక్సాన్‌ను విరగ్గొట్టే పారాక్సొనేజ్ కూడా ఎక్కువగా కాలేయంలోనే తయారవుతుంది. అంటే విషాన్ని పెంచేదీ, విరిచేదీ ఆ ఒక్క అవయవమే. పక్షుల్లో పారాక్సొనేజ్ చాలా తక్కువ. అందుకే ఈ జాతి మందులకు అవి త్వరగా బలైపోతాయి.

ఒక్కసారిగా పడిపోవడం మీ కంటికి కనిపించింది. కొద్దికొద్దిగా, రోజూ ఒంట్లోకి వెళ్లే మందు కథ వేరు. ఎలుకల మీద చేసిన చాలా ప్రయోగాల్లో కాలేయాన్ని కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థం తగ్గడం, కణాల్లో కొవ్వు చేరడం, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎంజైములు ఎక్కువవడం చూశారు. పైకి మాత్రం జంతువు బాగానే తింటూ తిరుగుతూ ఉండవచ్చు. ఈ రంగంలో మనుషులు ఇంకా చాలామంది కావాలని నేను గట్టిగా అనేది ఇందుకే.

ఇక ఉద్యోగాలు. 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం ప్రకారం ఏ పురుగుమందైనా అమ్మాలంటే ముందు రిజిస్ట్రేషన్ కావాలి. దానికి విషప్రభావ పరీక్షల డేటా ఇవ్వాలి. ఎలుకలకు 28 రోజులు, 90 రోజులు మందు ఇచ్చి చూసే పరీక్షలు అందులో ముఖ్యమైనవి. వీటిని చేసే జీఎల్‌పీ (గుడ్ లేబొరేటరీ ప్రాక్టీస్ నిబంధనలు పాటించే) ల్యాబులు, మందుల కంపెనీల సేఫ్టీ విభాగాలు టాక్సికాలజీ వాళ్లను తీసుకుంటాయి. మొదట్లో జీతం పెద్దగా ఉండదు, ఆ మాట ముందే తెలియాలి. పరిశోధన వైపైతే లక్నోలోని ఐఐటీఆర్ (భారతీయ టాక్సికాలజీ పరిశోధన సంస్థ), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి.

బీవీఎస్సీ చేయించమని బంధువులు చెప్పే ఉంటారు. దానికి ఇప్పుడు మళ్లీ నీట్ రాయాలి, ఆపైన ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. పశువులకు వైద్యం చేయాలన్న కోరిక ఉంటేనే అటు వెళ్లనివ్వండి. కాలేయంలో జరిగే మార్పులే కావాలంటే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ దగ్గరి దారి. ఏపీ పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ రెండూ రాయించండి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే స్టైపెండ్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు.

ఈ సెలవుల్లో మీ డాక్టర్ గారిని అడిగి, పోస్టుమార్టం జరిగేటప్పుడు ఒకసారి చూడనివ్వండి. కణాల మార్పు చూడాల్సిన కాలేయం ముక్కను ఫార్మలిన్‌లో వేస్తారు. విషం ఉందో లేదో తేల్చాల్సిన ముక్కను మాత్రం ఫార్మలిన్ తగలనివ్వకుండా విడిగా, చల్లగా ల్యాబుకు పంపుతారు.

ఒక్క విషయం మాత్రం అమ్మాయినే అడగండి. ఈ పనిలో ఎలుకలకు తన చేత్తోనే మందు ఇవ్వాలి, చివర్లో వాటి ప్రాణం తీసి అవయవాలు చూడాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి, నొప్పి తగ్గించే నిబంధనలు ఉన్నా చేసే మనిషికి అది తేలిక కాదు. తను వద్దంటే నిరాశపడకండి. జంతువుల జోలికి పోకుండా కాలేయ కణాలను ల్యాబులో పెంచి చేసే పరీక్షలూ, పాలలో, మేతలో మందు అవశేషాలను కొలిచే పనీ ఉన్నాయి. బీఎస్సీలో కెమిస్ట్రీ ఉంది కాబట్టి అవశేషాల పని తనకు ఇంకా బాగా కుదరొచ్చు.