మీ ప్రశ్నలు: ఆర్‌ఓ పారబోసే నీళ్లు, 200 దాటిన మీటర్, ఎండిన బోరు

ఎండలు ముదిరేకొద్దీ మాకొచ్చే ఉత్తరాలన్నీ రెండు విషయాల చుట్టూనే తిరుగుతాయి, ఒకటి నీళ్లు, రెండోది కరెంటు బిల్లు. భూమిని కాపాడండి అనే మాటలు గోడల మీద చాలానే రాసి ఉన్నాయి కాబట్టి అవి వదిలేసి, ఇంట్లో ఏది ఎంత లాగుతోంది, ఎక్కడ చెయ్యి పెడితే నిజంగా తేడా తెలుస్తుంది అన్నదే ఈసారి చూద్దాం.

మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. ఆర్‌ఓ ఫిల్టర్ పైపులోంచి సింకులోకి పోయే నీళ్లు చూసి మా అత్తయ్య రోజూ బాధపడతారు. బకెట్‌లో పట్టి మొక్కలకి పోద్దామంటే మా ఆయన అవి విషం అంటారు. ఎవరి మాట వినాలండీ?
– ఒక గృహిణి, హైదరాబాద్

అత్తయ్యగారి మాట వినండి. మామూలు ఇంటి ఆర్‌ఓ ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి దాదాపు 3 లీటర్లు బయటికి పంపేస్తుంది. తాగడానికీ వంటకీ కలిపి రోజుకి 15 లీటర్లు పడుతున్నారనుకుంటే 45 లీటర్లు సింకులోకి పోతున్నట్టే, అంటే ఇంట్లో వాళ్లు నాలుగైదు సార్లు ఫ్లష్ కొట్టే నీళ్లు.

ఇక విషం సంగతి. ఆ నీళ్లలో కొత్తగా ఏదీ కలవదు. లోపలికి వెళ్లిన ఉప్పులే కాస్త తక్కువ నీళ్లలోకి చేరతాయి, అంతే. మీ నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 300 అయితే బయటికొచ్చేది 400 దగ్గర ఉంటుంది, ఆ నీళ్లు మొక్కలకి నిక్షేపంగా పోయొచ్చు. అదే 1000 ఉన్న బోరు నీళ్లయితే బయటికొచ్చేది 1300 దాటుతుంది, అలాంటివి కుండీల్లో రోజూ పోస్తే కొన్నాళ్లకి మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడతాయి, కాబట్టి వాటిని ఇల్లు తుడవడానికీ, బాత్‌రూమ్ కడగడానికీ, ఫ్లష్‌కీ వాడుకోండి. తాగడానికి, వంటకి మాత్రం వద్దు.

అసలు నేను మిమ్మల్ని అడగాలనుకున్న ప్రశ్న వేరే ఉంది. మీకు ఆర్‌ఓ ఎందుకు? తాగే నీటికి మన దేశ ప్రమాణం (ఐఎస్ 10500) ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు నేరుగా నల్లాలో వచ్చే ఇళ్లలో కొలిస్తే చాలావరకు 500 లోపే చూపిస్తుంది. 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకం ఆపించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్ర పర్యావరణ శాఖకి చెప్పింది కూడా. అలాంటి నీళ్లకి యూవీ ఫిల్టరో (అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపేది), కాచి చల్లార్చడమో సరిపోతుంది, చుక్క కూడా పారబోయక్కర్లేదు.

కానీ అపార్ట్‌మెంట్లతో ఒక చిక్కుంది. సంపులో నల్లా నీళ్లూ, బోరు నీళ్లూ, ట్యాంకర్ నీళ్లూ కలిసిపోతాయి, ఏ రోజు ఏది ఎక్కువ పడిందో వాచ్‌మన్‌కే తెలియాలి. అందుకని టీడీఎస్ మీటర్ ఒకటి కొనండి, కొన్ని వందల్లో వస్తుంది, ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి మీ వంటింటి పంపులో నీళ్లు కొలవండి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త, ఇది హైదరాబాద్ వాళ్లకన్నా నల్లగొండ, ప్రకాశం వైపు బోరు నీళ్లు తాగేవాళ్ల కోసం చెబుతున్నాను. టీడీఎస్ మీటర్‌కి ఫ్లోరైడ్ విడిగా కనిపించదు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే చాలు, ఫ్లోరైడ్ ప్రమాదం, కానీ 400 చూపించే మీటర్‌లో ఆ ఒకటిన్నర ఎక్కడో కలిసిపోతుంది. నీళ్లలో క్రిములున్నా అది చెప్పదు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో అంకె తక్కువ వచ్చిందని సంబరపడి ఆర్‌ఓ తీసేయకండి, ముందు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

రాత్రి ఫోన్ తీశాక ఛార్జర్ స్విచ్ ఆపలేదని మా నాన్న రోజూ తిడతారు. నిజంగా అంత కరెంటు పోతుందా?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

ఫోన్ తగిలించని ఛార్జర్ నెలంతా అలాగే ఉన్నా పావు యూనిట్ కూడా కాలదు. మీ నాన్నగారితో ఈ మాట అనే ముందు టీవీ కింద సెట్‌టాప్ బాక్స్ ఒకసారి ముట్టుకుని చూడండి, టీవీ ఆపేసి గంటలైనా వెచ్చగానే ఉంటుంది. అది పది వాట్లు లాగుతోందనుకున్నా 24 గంటలకీ లెక్కేస్తే నెలకి 7 యూనిట్లు. ఆపాల్సిన స్విచ్ అది. ఛార్జర్ కూడా ఆపేయండి, మీ నాన్నగారి కోసం.

"మాకు జీరో బిల్లు వచ్చేది, పోయిన నెల 214 యూనిట్లు వచ్చేసరికి పదకొండు వందలు దాటింది, ఇదేం లెక్క?" అని వరంగల్ నుంచి ఒకరు అడిగారు. "225 దాటితే మొత్తం బిల్లు 8.75 రేటు మీద వేస్తారట, నిజమేనా? ఏసీ వేయాలంటేనే టెన్షన్" అని విజయవాడ నుంచి ఇంకొకరు.

రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు నవ్వొచ్చింది. భయపడాల్సినాయన ఆశ్చర్యపోతున్నారు, అంత భయం అక్కర్లేనావిడ వణికిపోతున్నారు. కారణం ఏంటంటే రెండు రాష్ట్రాల్లో లెక్క వేరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన పద్ధతి ప్రకారం అందరికీ ఒకే మెట్లు. మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీరు ఎంత కాల్చినా కింది మెట్ల రేటు అలాగే ఉంటుంది. 225 యూనిట్లకి కరెంటు ఛార్జీ 1017 రూపాయలు, 226 అయితే 1025.75. ఒక యూనిట్ పెరిగితే ఆ ఒక్క యూనిట్‌కే 8.75. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరే ఉంటాయనుకోండి, అయినా అమ్మా, మీరు విన్నది నిజం కాదు.

తెలంగాణలో మెట్లే మారిపోతాయి. 2022 రేట్ల ప్రకారం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80, మొత్తం 820 రూపాయలు. 201 అయిందా, మొదటి 200 యూనిట్లకీ రేటు 5.10 అయిపోతుంది, ఆపై యూనిట్‌కి 7.70, వెరసి 1027.70. ఒక్క యూనిట్‌కి 207 రూపాయల తేడా. గృహజ్యోతి (నెలకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది, ఎందుకంటే 200 దాటిన నెల మొత్తం బిల్లు మీరే కట్టాలి. వరంగల్ మిత్రులకి వచ్చింది అదే, 214 యూనిట్లకి 1127.80, పైన ఫిక్స్‌డ్ ఛార్జీలు.

కాబట్టి మీ పని పద్నాలుగు యూనిట్లు తగ్గించుకోవడం, అదేమంత కష్టం కాదు. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) ముప్పై అటూ ఇటూ. హాల్లో రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాన్ ఒక్కటి మారిస్తే నెలకి 20 యూనిట్లు తగ్గినట్టే. అప్పుడప్పుడూ చుట్టాలొచ్చినప్పుడు తిరిగే గదిలో ఫ్యాన్‌ని ముట్టుకోకండి, అది మార్చిన డబ్బు ఈ జన్మలో తిరిగి రాదు. ఇంకోటి, రీడింగ్ తీసిన రోజు గుర్తుపెట్టుకుని పది రోజులకోసారి మీటర్ చూడండి. అంకెలు మారుతూ ఉంటాయి, కేడబ్ల్యూహెచ్ అని పక్కన కనిపించేదే మీది. పది రోజులకి 65 దాటిందంటే ఆ నెల జాగ్రత్తగా ఉండాలని అర్థం.

విజయవాడ వాళ్ల ఏసీకి కూడా ఒక మాట. 18లో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది చాలావరకు భ్రమ, గది 24కి దిగాక కూడా అది 18 కోసం పరిగెడుతూనే ఉంటుంది. డిగ్రీ పెంచిన ప్రతిసారీ సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) లెక్క, 2020 నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర ఆగేది అందుకే. 26లో పెట్టి ఫ్యాన్ ఒకటో నంబర్‌లో తిప్పండి, కృష్ణా తీరం ఉక్కకి కూడా సరిపోతుంది. ఫిల్టర్ జాలీ నెలకోసారి కడగండి, బెజవాడ దుమ్ము తెలిసిందే కదా.

గ్యాస్ బదులు ఇండక్షన్ పొయ్యి వాడితే పర్యావరణానికీ, జేబుకీ మంచిదంటున్నారు. మారమంటారా?
– ఒక ఉపాధ్యాయురాలు, నిజామాబాద్

జేబు సంగతి ముందు చూద్దాం. 14.2 కిలోల బండ చేసే వంట ఇండక్షన్ మీద చేయాలంటే సుమారు 135 యూనిట్లు కావాలి (గ్యాస్ మంటలో మూడో వంతు గిన్నె పక్కల నుంచి పోతుంది, ఇండక్షన్‌లో అంత పోదు, అది కలుపుకునే ఈ లెక్క). యూనిట్ 4.80 అయితే 650 రూపాయలు, 6 అయితే 810, 8.75 అయితే 1180. బండ 900 అటూ ఇటూగా కొనేవాళ్లకి తక్కువ రేటు మెట్టులో ఇండక్షన్ లాభమే. మీకు మహాలక్ష్మి కింద 500కే బండ వస్తుంటే మాత్రం మారకండి. గృహజ్యోతి ఉండి నెలకి 150 యూనిట్లు కాలుస్తుంటే అసలే మారకండి, ఎందుకో పైన వరంగల్ జవాబులో చదివారు.

పర్యావరణానికి మంచిదా అంటే, మన గ్రిడ్‌లో కరెంటు ఇంకా ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది, కాబట్టి ఇప్పటికిప్పుడు గొప్ప తేడా లేదు. డాబా మీద సోలార్ ఉంటే లెక్క మారుతుంది. టీకి, పాలకి, అన్నానికి ఒక చిన్న ఇండక్షన్ పెట్టుకోవడంలో తప్పులేదు, కాకపోతే సత్తు గిన్నెలు, రాగి గిన్నెలు దాని మీద పనిచేయవు, కొనేముందు మీ గిన్నెల అడుగున అయస్కాంతం అతుక్కుంటుందో లేదో చూసుకోండి. గ్యాస్ మీదే ఉంటారా, కందిపప్పు గంటసేపు నానబెట్టి కుక్కర్లో పెట్టండి, కూర ఉడికేటప్పుడు మూత పెట్టండి, మా అమ్మమ్మలు చేసినదే.

మాది అనంతపురం, సొంత ఇల్లు. బోరు ఎండిపోయింది. ఇంకుడు గుంత తవ్విద్దామంటే పక్కింటాయన తవ్వి మూడేళ్లయినా బోరులో నీళ్లు రాలేదంటున్నారు. దండగేనా?
– రిటైర్డ్ ఉద్యోగి

పక్కింటాయన అబద్ధం చెప్పలేదండి. మీ వైపు కింద అంతా రాయి, నీళ్లు రాతి పగుళ్ల వెంటే నడుస్తాయి. మీ గుంతలో ఇంకినవి మీ బోరుకే చేరాలని రూలేం లేదు, వీధి చివరాయన బోరులో తేలొచ్చు. ఊరంతా తవ్వితే ఊరి నీటిమట్టం పెరుగుతుంది, ఒక్కరు తవ్వి తన బోరు నిండాలంటే అదృష్టం కూడా కలిసిరావాలి.

అందుకే నేనైతే ముందు సంపు అంటాను. లెక్క తేలిక: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 120 గజాల డాబా అంటే 100 చదరపు మీటర్లు. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే మీ డాబా మీద ఏటా 55,000 లీటర్లు పడుతున్నాయి. ఆవిరైనవీ చిందినవీ తీసేసినా 44,000 మిగులుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు తొమ్మిది. వాటికి మీరు ఎంత కడుతున్నారో మీకే తెలుసు.

డాబా పైపుని చిన్న ఫిల్టర్ తొట్టి (కంకర, ఇసుక, పైన జాలీ) మీదుగా సంపులోకి తిప్పండి. సీజన్‌లో మొదటి ఒకటి రెండు వానల నీళ్లు బయటికి వదిలేయడానికి ఒక వాల్వు తప్పకుండా పెట్టించండి, డాబా మీద ఏడాది పాటు పేరుకున్న దుమ్మూ పావురాల రెట్టా అందులోనే కొట్టుకొస్తాయి. సంపు నిండి పొర్లినవి ఇంకుడు గుంతకి వెళ్లాలి. గుంత వద్దనడం లేదు, రెండో స్థానం అంటున్నాను.

గుంత తవ్వించేటప్పుడు మేస్త్రీలు పైదాకా రాళ్లు నింపేస్తారు. అలా నింపితే రాళ్ల సందుల్లో పట్టేది గుంతలో నలభై శాతానికి మించదు. మీటరున్నర పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంత 4,500 లీటర్లది, రాళ్లు నింపాక 1,800 కూడా పట్టవు, ఇరవై మిల్లీమీటర్ల ఒక్క వానకే మీ డాబా 2,000 ఇస్తుంది. అందుకని సిమెంట్ రింగులు దింపించి, అడుగున మాత్రం కంకర వేయించి, పైన గట్టి మూత పెట్టించండి. మూత లేకుండా ఒక్క రోజు కూడా ఉంచొద్దు, వీధిలో పిల్లలుంటారు. సబ్బు నీళ్లు, సెప్టిక్ ట్యాంక్ నీళ్లు అటు మళ్లించకూడదు, బట్టలుతికిన నీళ్లు పెరట్లో అరటికీ మెట్టతామరకీ పోవాలి.

మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల బిల్లు అందరికీ సమానంగా పంచుతారు. ఎవరింట్లో లీక్ ఉందని అడిగితే ఎవరూ ఒప్పుకోరు!
– అసోసియేషన్ సెక్రటరీ, తిరుపతి

ఒప్పుకోకపోవడం కాదండి, వాళ్లకి తెలియదు. పంపు కారితే చప్పుడవుతుంది, ఫ్లష్ ట్యాంక్ లోపల కారితే నీళ్లు గోడ వెంట నిశ్శబ్దంగా సీటులోకి జారిపోతుంటాయి. రాత్రి పడుకునే ముందు ప్రతి ఇంట్లో ఫ్లష్ ట్యాంక్ మూత తీసి చిక్కటి కాఫీ డికాక్షన్ అర గ్లాసు పోయమనండి, ఫ్లష్ నొక్కకుండా అరగంట ఆగాక సీటులో నీళ్లు గోధుమ రంగుకి తిరిగితే లోపలి రబ్బరు వాషర్ పోయినట్టే. ఏ ఫ్లాట్లలో రంగు దిగిందో రాసుకుని అందరికీ కలిపి ఒకే రోజు ప్లంబర్‌ని పిలవండి, కూలీ కూడా కలిసొస్తుంది.